పోసెటోళ్ల వయసు

హైదరాబాద్ నుంచి దోహా. ఇరవై ఏడో వరుస, కిటికి సీటు.
"అక్కా, ఒక బీరు" అన్నడు.
మూతి మీద సరిగ మొలవని మీసం.
ట్రైనింగ్‌ల నేర్పిన నవ్వు నవ్వి
పాస్‌పోర్టు చూపియ్యమన్న.

కడారి సైదులు. పుట్టిన ఊరు చండూరు.
తేది చూసి లోపల్లోపల లెక్కపెట్టిన:
ఇరవై ఒకటి నిండటానికి ఇంక ఒక్క రాత్రి.
రాత్రి గూడ కాదు, రెండు గంటల నలభై నిమిషాలు.

నేల మీద ఒక్కో రాజ్యానిది ఒక్కో లెక్క.
ఒకకాడ పద్దెనిమిది, ఒకకాడ ఇరవై, మనకాడ ఇరవై ఒకటి,
ఒకకాడ ఎంత ముసలోడొచ్చినా లేదు పో అంటరు.
గాలిల మాత్రం
తోక మీద ఏ జెండ ఉంటె ఆ జెండ మాట.
మా కంపెనీ పుస్తకంల ఇరవై ఒకటి,
కింద ఎర్ర గీత కొట్టి మరీ.

"మా ఊర్ల ఐదేండ్లకే తాగిన అక్కా."
నాకు తెల్వదా సైదులూ.
మర్రిగూడ దిక్కు మాది, బొమ్మగానోళ్లం.
పొద్దుగాల చెట్టు దిగంగనే మా నాయిన
తాటాకు రేకల ఇంత ఒంపి
"తాగు బిడ్డా, నీళ్లకంటె నయం" అనేటోడు.
నిజంగ నయమే.
మా బోరు నీళ్లు తాగి తాగి మ్యానత్త కాళ్లు
కొడవలి లెక్క వంగినయి.
ఆ నీళ్లు ఎన్నేండ్లకు తాగొచ్చో
ఏ పుస్తకంల ఎవ్వరు రాయలె.

పదిహేడేండ్లకు ముత్తాదు కట్టిండట నాయిన.
కాటమయ్యను తల్సుకోని
మోకుల నడుం వాల్చి ఎక్కిండట.
మండువకాడ నిలబడ్డోళ్లు
పోతుదా పండుదా అని చెట్టు సంగతడిగిన్రు,
ఎక్కిన పిల్లగాని వయసు అడగలె.

నాకు గూడ ఉన్నయి పట్టీలు,
కుదుపులొస్తె కూసునే మడత కుర్చీకి.
భుజాల మీదికెల్లి రెండు, నడుముకు రెండు.
మొదటిసారి బిగించుకున్ననాడు
మోకు వాసనొచ్చింది.
నైలాన్ అది, వాసనేముంటది.

సైదులుకు నీళ్లిచ్చిన, పల్లీల పొట్లం ఇచ్చిన.
పన్నెండు కాంగనే మళ్ల బటన్ నొక్కిండు.
చేతి గడియారం చూపిచ్చిండు.
ఇంటి టైం, ఇంక మార్చలె.
"ఇగ నిండినయి అక్కా."
మా పెద్ద మేడంను అడిగిన.
ఆమె నవ్వకుంట "దిగే ఊరి టైం" అన్నది.
అక్కడ ఇంక రాత్రి తొమ్మిదిన్నర, నిన్ననే.
పడమటికి ఎగిరెటోని పుట్టినరోజు
రెండున్నర గంటలు ఎనుకకు జరుగుతది.

పోయి చెప్పిన. వాడేమనలె.
పక్క సీటు పెద్దమనిషి, నెత్తి నెరిసినాయన,
తన గ్లాసు దుప్పటి కిందికి మెల్లగ జరిపిండు.
చూసిన.
వంగి, దుప్పటి అంచు సర్ది పోయిన.

విమానం ముక్కు వంగినంక
వేలంత సీసాల బండి మూసి, తాళమేసి,
ప్లాస్టిక్ సీలు బిగించి నంబరు రాయాలె,
సంతకం పెట్టాలె.
సంతకం పక్కన నా కార్డు నంబరు,
కార్డు మీద నా పుట్టిన తేది.

వాడు నాకంటె మూడు నెలలు పెద్ద.

అక్కా అన్నడు. యూనిఫాం వయసది.
పోసెటోళ్లకు పద్దెనిమిది నిండితె చాలట,
తాగెటోళ్లకే ఇరవై ఒకటి.

ఎనభై మందికి పోసిన రాత్రి.
ఎన్నిసార్లు కడిగినా చేతుల వాసన పోలె.
ఫోన్ల నాయిన ఎప్పుడూ ఒక్కటే అడుగుతడు:
"మొదటి చుక్క కింద ఇడిసినవా బిడ్డా?"

కింద కార్పెట్ నాయినా.
దాని కింద సూట్‌కేసులు,
దాని కింద సముద్రం, ఎవరిదో.