మంచం పక్క గ్లాసు

రాత్రి పడుకునే ముందు
స్టూలు మీద గ్లాసుడు నీళ్ళు పెట్టుకుంటాను.
తాగడానికి కాదు.
మెలకువ వచ్చినప్పుడు పక్కకి తిరిగి చూస్తే చాలు,
నీటి అంచు వణకకపోతే
వణికింది నేనే అని తెలుస్తుంది.

అయనావరంలో మా వీధి కింద
మెట్రోవాళ్ళ యంత్రం సొరంగం తవ్వుతోంది.
రెండో అంతస్తు దాకా పాకుతుంది దాని గురక.
గిన్నెల స్టాండు పళ్ళు కొరుకుతుంది.
అందరూ విసుక్కుంటారు.
నేను లేచి తలుపు గొళ్ళెం తీసేస్తాను.
అప్పుడు నేర్చిన పాఠం:
ఇల్లు ఒరిగితే ముందు గొళ్ళెం బిగుసుకుపోతుంది.

పోర్ట్ బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్‌లో,
ఆ ఆదివారం పొద్దున్న ఇడ్లీ పిండి గిన్నె
తనంతట తానే నడిచి గట్టు దిగింది.
పెద్దది అదొక్కటే. దాని గురించి
అడిగినవాళ్ళందరికీ చెప్పాను,
చెప్పి చెప్పి అరిగిపోయింది.
ఎవరూ అడగనివి తర్వాత వచ్చినవి.
స్కూలు మైదానంలో టార్పాలిన్ మీద
ముప్పై నాలుగు రాత్రులు.
మా అమ్మ వాటికి వరసలు కలిపింది:
"ఇది ఆడపడుచు, కూసింత సాధించి పోద్ది.
ఇది అల్లుడు, సెప్పకుండా వస్తాడు.
ఓలమ్మ, ఇదేటే, అత్తగారిలాగుంది, లెగండి!"
నవ్వేవాళ్ళం. నవ్వుతూనే
ఒకరి చెయ్యి ఒకరం విరిగేలా పట్టుకునేవాళ్ళం.

ఓడలో మూడు రోజులు ఒళ్ళు మరిచి నిద్రపోయాను.
ఊగడం ఓడ ధర్మం కదా.
మద్రాసు రేవులో దిగాక
నేల కదలకుండా ఉండేసరికి
మోకాళ్ళు కూలబడ్డాయి.

ఇరవై ఏళ్ళు దాటింది.
ఒళ్ళు ఇంకా ఆ మైదానంలోనే కాపలా కాస్తోంది.
లారీ పోతే, పై ఇంట్లో గ్రైండరు వేస్తే,
సబ్బు నురగతో స్నానం మధ్యలో ఆగి వింటాను.
కీల్పాక్ ఆసుపత్రి డాక్టరమ్మ అంది:
"నేల ఎప్పుడో ఆగింది. ఆ కబురు
మీ కాళ్ళకి ఇంకా అందలేదు."
మంచి మాటే. మోసుకుపోయేదెవరు?

కుట్టు మిషను తొక్కుతున్నంతసేపూ బాగుంటాను.
ఆ అదురు నాది. కాలు ఆపితే ఆగుతుంది.
అందుకే దీపావళి ముందు
అర్ధరాత్రి దాకా జాకెట్లు కుడతాను.
"భూదేవంత ఓర్పు నీకు, వరహాలూ"
అంటారు కొలతలిచ్చే ఆడవాళ్ళు.
తల వంచుకుని సూదిలో దారం ఎక్కిస్తాను.
భూదేవి ఓర్పెంతో చూసినదాన్ని,
నాకు చెబుతున్నారు.

మొన్న మెట్రో కుర్రాడొచ్చి
వంటింటి గోడ పగులు మీద అడ్డంగా
సన్నటి గాజుముక్క అతికించాడు.
గోడ జరిగితే గాజు చిట్లుతుందట.
"ఒణ్ణుం ఆగాదమ్మా" అన్నాడు, పక్కన తేదీ రాసి.
వాడు వెళ్ళాక చాలాసేపు నిలబడ్డాను.
నా మీద ఇలాంటిది అతికించి ఉంటే
ఎన్నిసార్లు మార్చాల్సి వచ్చేదో,
ఎన్ని తేదీలో.

నిన్న రాత్రి ఒంటిగంటకి
యంత్రం సరిగ్గా మా కిందికి వచ్చినట్టుంది.
గొళ్ళెం తీసేసరికి గుమ్మంలో
పక్కింటి అమృతవల్లి పాటి, జుట్టు విరబోసుకుని,
చంకలో ఇంటి పత్రాల సంచి.
నోట మాట లేదు.
కూర్చోబెట్టి, అరచేతులు నేలకి ఆనించాను.
పారిపోకు, ముట్టుకో, లెక్కపెట్టు అన్నాను
నా వంకర తమిళంలో.
ఒణ్ణు ఆవిడది. రెండు ఇద్దరిదీ.
పదకొండు దగ్గర ఆగింది.
ఆగలేదు, సన్నబడింది.

దగ్గర్లో ఉన్న నీళ్ళు అవే.
గటగటా తాగింది, సగం చీర మీద.
అమ్మ పెట్టిన వరసలు చెప్పాను.
ఆవిడ కాసేపు చెవి రిక్కించి,
"అత్తా కాదు, అల్లుడూ కాదు,
ఇంటి ఓనరు. ఈవేళ ఒకటో తారీకు" అంది.
చీకట్లో ఇద్దరం
కడుపులు అదిరేలా నవ్వాం.

ఆవిడ వెళ్ళాక గ్లాసు కడిగి
మళ్ళీ నీళ్ళు పట్టాను.
ఈసారి సగమే.