ఊదా రంగు టార్చి

"ఈ ఇంట్లో పిల్లన్నదే లేదు" అంది హాల్ష్కా,
ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునే.
గ్దాన్‌స్క్‌లో అద్దె కాగితాల మీద
పిల్లులు ఎప్పుడూ ఉండవు.
నేను దీపాలార్పి ఊదా రంగు టార్చి వేశాను.

తివాచీ మీద పచ్చగా లేచాయి మరకలు.
సోఫా కింద ఒకటి, పాతది.
మిగతావన్నీ గుమ్మం దగ్గరే,
ఒకదాని అంచు మీద ఇంకొకటి.

వేడినీళ్లు వద్దన్నాను.
పోస్తే కంపు ఉన్నిలోకి దిగి కాపురం పెడుతుంది.
చన్నీళ్లు, వెనిగరు, పాత తువ్వాలు.
అద్దాలి, రుద్దకూడదు.
పైన వంటసోడా, తెల్లారేదాకా.

మొన్నటిదాకా ఇక్కడున్నది లుద్వికా,
రాత్రి డ్యూటీల నర్సు.
ఆమె తాళం వేసి మెట్లు దిగినప్పుడల్లా
ఈ తివాచీ కొసన ఎవరో
చెవులు రిక్కించి కూర్చున్నారు,
చాలాసేపు,
ఆపుకోలేనంతసేపు.

కళ్లు మూసుకుని పాలు తాగింది పిల్లి ఒక్కటే కాదు.
సోడా చల్లుతుంటే హాల్ష్కా గొంతు తగ్గించింది:
"చలికాలమంతా గుమ్మంలో పాలసీసా నేనే పెట్టేదాన్ని.
ఎందుకని ఆమె అడగలేదు. నేనూ చెప్పలేదు."

అడ్వాన్సు మాత్రం తిరిగివ్వలేదట.
నా కూలి
అందులోంచే తీసి ఇచ్చింది.