ఏ నీళ్ళ పాలకూర

పొద్దున ఆరున్నరకి
అంబర్‌పేట్ మార్కెట్ మొదట్లో
తడి గోనెసంచి మీద
బాలమణి పాలకూర కట్టలు పేరుస్తోంది.
ఒక కట్ట ఎత్తి వాసన చూశాను.
మొదళ్ళకి అంటిన మట్టిని గోటితో గీరి చూశాను.
మట్టి ఏం చెబుతుంది,
నల్లగా ఉంది, అంతే.

"ఇది ఏ నీళ్ళది?"
అడిగాక గానీ తెలియలేదు
అది మనిషిని కులం అడిగినట్టు వినిపించిందని.

బాలమణి కిందినుంచి పైకి చూసింది నన్ను.
"ఏ నీళ్ళుంటయ్ సార్ ఈడ?
మూసీ పక్కకే మా మడి.
నా మనుమడు గూడ గిదే తింటడు.
నువ్వు నన్ను అడుగుతున్నవ్.
నేనెవర్ని అడగాలె?"

పది రూపాయలిచ్చి కట్ట తెచ్చుకున్నాను.
ఉప్పునీళ్ళలో నానేశాను, పసుపునీళ్ళలో ముంచాను,
మూడోసారి నల్లా కింద పట్టి
ఇంతకీ ఈ నల్లా ఎవరు కడుగుతున్నారు
అనుకున్నాను.

హవిషకి ఎనిమిదో నెల.
కింది చిగురుకి రెండు పళ్ళు, నూకల్లా.
ఆ రెండు పళ్ళ కోసం
వంటిల్లు కాస్తా ల్యాబ్ అయిపోయింది.
పాలల్లో అయోడిన్ చుక్క వేసి
నీలమవుతుందేమోనని కళ్ళార్పకుండా నిలబడతాను.
అరటిపండు మచ్చ లేకుండా మెరిస్తే ఒక అనుమానం,
మచ్చలుంటే ఇంకో అనుమానం.
ద్రాక్షని నిలువుగా నాలుగు చీలికలు చేస్తుంటే
"ఏంరా, వజ్రానికి సాన పడుతున్నావా?" అని మా నాన్న.

పురిటి రోజే అత్తమ్మ తేనెసీసా తెచ్చింది,
నాలుక మీద ఒక్క చుక్క రాస్తే
పిల్లకి మాట తియ్యగా వస్తుందని.
ఏడాది నిండేదాకా వద్దంది డాక్టరమ్మ.
సీసా ఇంకా అల్మారా పైనే ఉంది.
అప్పట్నుంచీ అత్తమ్మ మాటే కాస్త చేదు.

ప్రసూన నిలోఫర్‌లో నర్సు.
ఒకరోజు నైట్ డ్యూటీ దిగి వచ్చి
చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి పోయింది.
డబ్బాలో పల్లీలన్నీ కవర్లో గుమ్మరించి
పై పోర్షన్ బిల్కిస్ ఆపాకి ఇచ్చేసి వచ్చింది.
ఏమైందని నేను అడగలేదు.
బాబా, పాపా అని కూడా అడగలేదు.
చట్నీ లేకుండా ఇడ్లీలు తిన్నాం,
ఇద్దరం గోడ గడియారం వైపు చూస్తూ.

నిన్న పిల్ల గిన్నె తోసేసిందని
అమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ మూడుసార్లు తిప్పి
పొయ్యి మీద మాడ్చింది.
ఘాటు లేదు. ఇంట్లో ఒక్కరం దగ్గలేదు.
"చూశావా, ఎంత దిష్టి తగిలిందో!" అంది అమ్మ.
నాకైతే
మిరపకాయల మీదే అనుమానం.

మధ్యాహ్నం ఉగ్గుగిన్నె పట్టుకుని కూర్చున్నాను.
పెసరపప్పు, పాత బియ్యం,
మెత్తగా మెదిపిన ఆ పాలకూర.
స్పూను సగం దూరం పోయి ఆగింది.
బాలమణి మనుమడు ఈపాటికి తినే ఉంటాడు.
అది తలచుకుంటే
ధైర్యం రావాలో సిగ్గు రావాలో తెలియక
రెండూ కొంచెం కొంచెం వచ్చాయి.

హవిష ఎప్పుడో నోరు తెరిచింది.
నేను ఎంతకీ పెట్టకపోయేసరికి
స్పూను గుంజుకుంది.
సగం నేల మీద, సగం చెవి దగ్గర,
మిగిలిన కాస్తా ఎత్తి
నా పెదాలకేసి కొట్టింది
"ఆం" అంటూ,
రోజూ నేను దానికి చేసే శబ్దం.

తిన్నాను.
ఉప్పు లేదు.
ఏ నీళ్ళదో నాలుక చెప్పలేదు.

తర్వాత నేల తుడిచాను.
గుడ్డకి పచ్చరంగు పట్టింది, రెండుసార్లు పిండినా పోలేదు.
రేపు పొద్దున
బాలమణిని మనుమడి పేరు అడగాలి.
వాడికి పళ్ళెన్ని వచ్చాయో కూడా.