మడమ కొలత

హలసూరు చెరువు వెనక, కొబ్బరిపీచు అంగడికీ
పంక్చర్ల కొట్టుకీ మధ్య ఇరుక్కున్న పట్టెడ నాది.
మూడు తరాలుగా తుపాకులకు మడమలు చెక్కుతున్నాం.
పళ్ళు కట్టేవాడికి, ఎవరేం నములుతారో ఎందుకురా
అనేవాడు మా నాన్న.

బిద్దప్ప గారు ఆదివారం పొద్దున వచ్చారు.
లైసెన్సు కాగితాలు ప్లాస్టిక్ కవరులో,
కోరికలు విడిగా ఇంకో కాగితంలో.
ఇక్కడ కాదట, నమీబియాలోనట.
మెలితిరిగిన కొమ్ముల కూడూ జింకట.
ఎనిమిది వందల గజాల నుంచట.

గొట్టం ఇరవయ్యారు అంగుళాలు.
పొడుగైతే వేగం, పొట్టిదైతే పొదల్లో సుఖం;
రెండూ ఒకదాంట్లో రావని ఆయనకూ తెలుసు,
అయినా ఒకసారి అడిగి చూశారు.
లావుదైతే వేడెక్కినా మాట మీద నిలబడుతుంది,
సన్నదైతే కొండెక్కేటప్పుడు భుజం తిట్టదు.
లావుదే ఖాయం చేశారు,
మోసేది ఎలాగూ అక్కడి కుర్రాడే కదా అని.

దుర్భిణి జర్మనీది. దాని ధరకి
మా వీధిలో ఆటో వస్తుంది, పర్మిటుతో సహా.
మీట ఎంత తేలిగ్గా కదలాలో చూపడానికి
నా చిటికెనవేలు పట్టుకుని మెల్లగా నొక్కారు.
మరీ తేలికొద్దు సార్,
చలిలో వేలికి బుర్ర ఉండదు, అన్నాను.
రాసుకున్నారు.

కర్ర దగ్గర మాత్రం వాదన.
ఫైబరైతే వానకు ఉబ్బదు, ఎండకు పగలదు,
అందరూ అదే అంటున్నారు కదా అన్నారు.
నేనేం మాట్లాడలేదు. మంచం కింద
పదకొండేళ్ళుగా ఆరుతున్న అక్రోటు దిమ్మ లాగి
తడిగుడ్డతో ఒక్కసారి తుడిచాను.
పొగమంచులోంచి బాట బయటపడ్డట్టు
జీరలు లేచాయి.
ఆయన కళ్ళద్దాలు తీశారు.
చేవ ఉన్న కర్ర అబద్ధమాడదు సార్,
శ్రావణంలో కాస్త అలుగుతుంది, అంతే.

మోచేతి మడత నుంచి చూపుడువేలి కణుపు దాకా
టేపు పట్టాను. పదమూడున్నర.
మీ నాన్నగారిది పద్నాలుగు, అన్నాను.
మా నాన్న పద్దుపుస్తకంలో ఉంది,
అప్పటికింకా వేట నేరం కాని కాలం,
కొలత పక్కన పెన్సిలుతో: నలభై అడుగులు.
అంత దగ్గరైతే దాని ఊపిరి మనకు వినబడుతుంది,
మనది దానికి.
ఆయన ఆ పేజీని ఫోటో తీసుకున్నారు.

అప్పుడు, అడగకూడదనుకుంటూనే అడిగాను:
ఎనిమిది వందల గజాలు పోవడానికి
తూటాకి ఎంతసేపు పడుతుంది?
సెకను. ఆపైన కొంచెం.
ఆ సెకనులో అది ఒక్క అడుగు వేస్తే?

కాగితం చూసుకున్నారు.
గొట్టం ఉంది, బోల్టు ఉంది, అద్దాలున్నాయి,
గాలివాటు కొలిచే చిన్న పంకా కూడా ఉంది.
అందుకే కదా అన్నీ మంచివి కొంటున్నాను,
అన్నారు, ఎవరో తిట్టినట్టు.
గుండెకు తగలాల్సింది కడుపులో దిగిన జంతువు
ఎంత దూరం నడుస్తుందో మా నాన్న చెప్పేవాడు.
నేను చెప్పలేదు.
బయానా అప్పటికే నా జేబులో ఉంది,
అందులో సగం మనసులోనే
మా అమ్మాయి ల్యాబు ఫీజుకి కట్టేశాను.

వెళ్తూ వెళ్తూ మెట్టు మీద ఆగి,
నీ మీద నాకు నమ్మకం, అన్నారు కన్నడంలో.
మేము దాన్ని గురి అంటాం సార్.
కంటితో పెట్టేదీ గురే, మనిషి మీద కుదిరేదీ గురే.
మా దాంట్లో మొదటిదొక్కటే, అని నవ్వారు.

ఆరువారాలైంది. చెంప ఆనే చోటు నునుపు తేలింది.
నూనె మూడో పూత.
నిన్న సాయంత్రం, గొట్టమింకా బిగించని మడమను
భుజానికి ఆనించి,
చెరువు అవతలి గట్టున నీళ్ళలో నిలబడ్డ
కొంగను చూశాను.
లేని మీటను నొక్కాను.
ఒకటి, అని లెక్కపెట్టాను.

కొంగ కాలెత్తి
ఇంకోచోట పెట్టింది.