చుట్టాలు లేని దారి

పశువుల ఆస్పత్రి వాళ్లు వేలం వేసిన బండి.
లోపల ఇంకా డెట్టాలు వాసన, కొంచెం గేదె వాసన.
ఈయన దానికి రెండు బల్లలు బిగించి
పగలు కూర్చోడానికి, రాత్రి పడుకోడానికి అన్నారు.
"ఇల్లే," అన్నారు, బానెట్టు మీద చెయ్యేసి
దూడ వీపు నిమిరినట్టు.

ముప్ఫై ఒక్క ఏళ్లు లాకు తలుపులు తిప్పిన చెయ్యి అది.
కొబ్బరి పడవలు, ఇటుక పడవలు,
ఒకసారి పెళ్లివారి పడవ, సన్నాయి ఆపకుండానే,
అన్నిటికీ నీళ్లు ఎత్తి, నీళ్లు దించి
అవతలికి పంపేవారు.
చివరి పదేళ్లూ పడవల్లేవు, గుర్రపుడెక్కే.
మేం మాత్రం ఇవతల.
క్వార్టర్సు కిటికీలోంచి నేను
పడవ వెనక చీలిన నీళ్లు
మళ్లీ అతుక్కునేదాకా చూసేదాన్ని.

ఇప్పుడు పాత క్యాలెండరు వెనక్కి తిప్పి
ఈయన పెన్సిలుతో గోదావరి గీశారు.
ధవళేశ్వరం దాకా ఒక్కటే గీత,
కింద చీపురు కట్టు విప్పినట్టు పాయలు.
"ఎక్కడెక్కడ ఆగుదాం?"

నాది ఒకటే షరతు.
చుట్టాల ఇంటికి వెళ్లేది లేదు.
ఒక్క పూటంటే రెండు రోజులు అట్టేపెడతారు,
పనసపొట్టు కూర తింటే గానీ కదలనివ్వరు,
బండి ఎంతైంది, మైలేజీ ఎంత, ఈ వయసులో ఎందుకు,
అన్నీ అడిగి, చివరికి మంచం వేస్తారు.
మంచం మనింట్లోనూ ఉంది.

"అలాగే," అని పెన్సిలు చెక్కారు.
కొత్తపేట మీద వేలు పెట్టారు. తోటికోడలి పుట్టిల్లు.
అంబాజీపేట. వాళ్ల మేనమామ కొబ్బరి కొట్టు, సరిగ్గా రోడ్డు మీదికే.
అమలాపురం సంగతి అడగొద్దు.
రాజోలులో ఎవరూ లేరనుకున్నాం.
ఈయనే తల గోక్కుని
"బుల్లెమ్మ ఆడపడుచు..." అన్నారు.
కోనసీమలో చుట్టం లేని ఊరు వెతకడమంటే
కొబ్బరాకు నీడ పడని చోట బట్టలారేయడమే.

పెన్సిలు జరిగి జరిగి
కాలవ దాటి, రొయ్యల చెరువులు దాటి
సరుగుడు తోటల్లోకి దిగింది.
అంతర్వేది దగ్గర గీత ఆగింది.
ఏరు అక్కడిదాకే.

"ఇక్కడ ఎవరున్నారు మనకి?"
చాలాసేపు ఆలోచించాను.
ఎవరూ లేరు.
ఉంటే గింటే, మేం లాకులోంచి వదిలిన నీళ్లు,
పొలాలు తాగగా మిగిలినవి.

ఇక లెక్కలు.
అవతలి గట్టున పేరుపాలెం ఇసుక కూడా చూడాలిగా,
సఖినేటిపల్లి రేవులో ఇంత బరువు పంటు ఎక్కనిస్తారా?
సరంగుకి ఫోను చేస్తే, పోటు మీద రండి,
పాటుకి దిగుడు నిటారుగా ఉంటుంది, అన్నాడు.
కాలవగట్టు మీద తుమ్మకొమ్మలు ఎంత ఎత్తో తెలియాలని
బండి ఎత్తున వెదురు కర్ర సైకిలుకి నిలువుగా కట్టి
ఈయన ఏడు మైళ్లు తొక్కొచ్చారు.
జనం ఏ జెండా ఇది అని అడిగారట.
మూడు చోట్ల తగిలింది.
రెండు కొమ్మలు.
మూడోది ఏమిటో నాకు చెప్పలేదు.

మరుగుదొడ్డి గురించి మూడు రోజులు మాట్లాడుకోలేదు.
నాలుగో రోజు కాగితం తెచ్చి చూపించారు:
మీట తిప్పితే తలుపు పడుతుంది, లాకు లాగే.
నవ్వు ఆపుకోలేకపోయాను. అదే ఒప్పుకోలు అనుకున్నారు.

రేపు బయల్దేరతాం.
అలవాటు కావాలని ఇవాళ రాత్రి బండిలోనే, వాకిట్లో.
వాన. రేకు మీద ఎవరో పెసలు చెరుగుతున్నట్టు.
బల్ల నడుముకి గట్టిగానే ఉంది, బయటికి అనలేదు.
పక్కన నిద్రలో ఈయన చెయ్యి గాల్లో ఏదో తిప్పుతోంది.
తెరుస్తోందో, మూస్తోందో.

ఉప్పు డబ్బా వంటింట్లోనే మర్చిపోయానని గుర్తొచ్చింది.
లేవలేదు.