జానెడు లోతు

బోర్లలోకి కెమెరా దించేది నా పని.
ఆరువందల అడుగులు, ఎనిమిదివందలు,
ఒకసారి కూడేరు పక్క వెయ్యీ నూటిరవై.
యాడ రాయి పగిలిందో, యాడ కేసింగు నలిగిందో,
గొడుగు కింద చిన్న టీవీ పెట్టుకోని చెప్తా.
చానామందికి చెప్పేది ఒకటే మాట:
"ల్యా అన్నా. దుమ్మే."

మొన్న ఆదివారం
కేబులు కొలిచే మీటరు మూత ఊడింది.
బిళ్ళంత బ్యాటరీ మంచం కిందికి దొర్లింది.
దొరికినప్పుడు చూద్దాంలే అనుకున్నా.
దొరికింది,
హంపికి.
నాలుగేండ్ల పిల్ల. ఏమనుకోని నోట్లో వేసుకుందో.
సంగటి ముద్ద పెడితే మింగలా.
జొల్లు కారుస్తా గొంతు చూపిచ్చింది.

అనంతపురం ఆసుపత్రిలో
ఎక్స్‌రే తీసినాయన "రూపాయి బిళ్ళ" అన్నాడు,
"అరటిపండు పెట్టండి, రేపటికి పోతాది."
డాక్టరమ్మ నఫీసా ఫిల్మును వెలుగుకు పట్టింది.
"బిళ్ళకు ఒకటే అంచు. దీనికి రెండుండాయి.
మింగి ఎన్ని గంటలాయె?"
శివలింగమ్మ వేళ్ళు మడిచి లెక్కేసింది.
మూడో వేలు మడిచేసరికి
డాక్టరమ్మ కుర్చీలో ల్యాదు.

అది ఊరికే కూచోదంట గొంతులో.
తడి తగిలితే కాలుస్తాదంట, సున్నం మాదిరి,
గంటగంటకూ లోపలికి.
తడిలో కరెంటు ఏం చేస్తాదో
నాకొకరు చెప్పాల్నా.

"కడుపు ఖాళీగా ఉండాలంటారు గదా మేడం,
పొద్దన్నే నీళ్ళు తాగింది."
"వేరే పిల్లలకైతే పస్తు పెట్టి ఆగుతా.
దీనికి ఆగలేను. అందుకే
ముందు మత్తు డాక్టరు ఊపిరికి గొట్టం వేస్తాడు,
ఆ తర్వాతనే నా కెమెరా."

సంతకానికి కాగితం ఇచ్చినారు.
మత్తు. రక్తం. చిల్లు.
ఇట్లాంటి కాగితం నా సంచిలో కూడా ఉంటాది:
కెమెరా ఇరుక్కున్నా, బోరు కూలినా
నాది పూచీ కాదని.
రైతు చదవడు, వేలిముద్ర వేస్తాడు,
నేను టీ తాగుతా ఉంటా.
ఆ పొద్దు ఒక్కో అక్షరం కూడబలుక్కోని చదివినా.
వెయ్యడుగులకు దించినోణ్ణి
ఈ జానెడు లోతు కాడ కూలబడినా.

"రెండు కెమెరాలు పోగొట్టుకున్నా మేడం, బోర్లల్లో.
తిరిగి రాలా."
ఆమె నవ్వలా.
పక్కన పెట్టిన పాత గొట్టం ఒకటి నా చేతిలో పెట్టింది.
పెన్సిలంత కూడా లేదు లావు.
పిడి తిప్పితే కొన వంగింది, పాము తల మాదిరి.
"ఇది ఎటైనా తల తిప్పుతాది.
దారి కనపడకపోతే నేను నెట్టను, ఆగుతా.
ప్రమాదం ల్యాదని నీకు చెప్పను, వన్నూరప్పా.
తీయకపోతే ఉండేది ఇంతకన్నా చానా పెద్దది."

సంతకం పెట్టినా.
అక్షరాలు అటొకటి ఇటొకటి పడినాయి.

తలుపు సందులోనుంచి
మత్తు డాక్టరు చూపుడు వేలు కనపడింది,
పిల్ల గోరుకు తగిలించిన క్లిప్పును సరిచేస్తా.
మిషను కూత. మళ్ళా కూత.
పదకొండు నిమిషాలు.
లెక్క నాది కాదు, గోడ గడియారానిది.

స్టీలు గిన్నెలో బ్యాటరీ.
ఒక పక్క నల్లగా తిరిగింది.

నా పని ఏందో తెలిసినందుకో ఏమో
డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచి
తీసిన బొమ్మలు టీవీలో చూపిచ్చింది.
ఇదిగో కాలిన చోటు, బూడిద రంగు.
లోపల్లోపల ఇంకా కాలతానే ఉంటాదేమో,
రెండు దినాలకు మళ్ళా దించి చూస్తాం,
అంతవరకూ నోటికి ఏమీ పెట్టద్దు.
వింటానే ఉన్నా.
నా కండ్లు మాత్రం పుండు చుట్టూ తిరుగుతాండాయి.
పన్నెండేండ్లు టీవీలో దుమ్ము చూసినోణ్ణి.
గోడలు ఎర్రగా, మెత్తగా,
పై నుంచి కింది దాకా నిగనిగలాడతా చెమ్మ.

బయట శివలింగమ్మ లేచి నిలబడింది,
బోరు కాడ రైతు నిలబడినట్ల,
నా మొగంలో జవాబు ఎతుక్కుంటా.
"లోపల ఏం కనపడింది?"

పుండు సంగతి చెప్పాల.
రెండు దినాల సంగతి చెప్పాల.

"నీళ్ళుండాయే" అన్నా.
ఆమెకు అర్థం కాలా.