పదిహేనో కుర్చీ

ఎమ్లిన్ ప్రాసర్ నెలకోసారి
తెల్లవారుజాము రైలెక్కి లండన్ వెళ్తాడు,
మూడో కొలిమి దగ్గర
తన పార నాకు అప్పజెప్పి.

సర్కారు ఉక్కును సొంతం చేసుకున్నాక
కార్మికులకూ బోర్డులో చోటన్నారు.
మేం పంపిన జాబితాలో
ఛైర్మనే ఒక పేరుకి టిక్కు పెట్టాడు.
యూనియన్ కార్యదర్శి పదవి మాత్రం
వదులుకోవాలన్నారు.
వదిలాడు. ఆ సాయంత్రం
రబ్బరు స్టాంపు నా చేతిలో పెట్టి
"తడి ఆరనివ్వకు" అన్నాడు.

అక్కడ బల్ల మా రోలింగ్ షెడ్డంత పొడుగట.
బిస్కెట్లు వెండి పళ్లెంలో వస్తాయట.
కాలిన మచ్చల చేతులు ఎక్కడ పెట్టుకోవాలో
మొదటి ఏడాదంతా తెలియలేదట.
నవ్వుతూ చెప్పాడు. మేమూ నవ్వాం.

ఈసారి వచ్చినవాడు
టీలో చక్కెర వేసి
కలుపుతూనే ఉన్నాడు.
సంచిలో కాగితాలు, వాటి మీద ఎర్ర ముద్ర.
ముద్ర పడిన మాట పెళ్లానికీ చెప్పకూడదు.
గ్విలిమ్ ఇల్లు కొంటున్నానన్నాడు,
పాతికేళ్ల అప్పు మీద.
ఎమ్లిన్ చెంచా ఆగింది.
మళ్లీ తిరిగింది.

నేను అడిగింది ఒక్కటే:
"కొలిమి లోపలి ఇటుకలు
ఏప్రిల్లో మారుస్తారుగా?"
ఏడేళ్లుగా ఆ ఇటుకల కోసం
మేనేజర్ల గొంతు మీద కూర్చున్న మనిషి
కిటికీ వైపు తిరిగి
"వాన వచ్చేలా ఉంది" అన్నాడు.

మా వెల్ష్ లోయలో
వాన రాని రోజేది?

అతని ఓటు ఎటు పడిందో అడగలేదు.
గ్విలిమ్ వెనకే బయటికి నడిచి
"ఆ ఇంటి సంతకం
కొన్నాళ్లు ఆగరాదూ" అన్నాను.